ఏటిపై వ్రేలాడు బాట

ఇథియోపియా దేశమున నీల నైలు నది మిక్కిలి లోతైన లోయలగుండ పాఱును. ఆ లోయలలో ఒకచోట రాతికమానుల వంతెన యొకటి కలదు. పదునేడవ శతాబ్దమున ఫాసిలిడెస్ అను రాజు కాలమునందు దానిని కట్టిరని చెప్పుదురు. రెండున్నర శతాబ్దములకు పైగా ఆ ప్రాంతపు బాటసారులు, వర్తకులు, ధాన్యపుమూటలు మోయు గాడిదలు ఆ వంతెనమీదుగనే నదిని దాటుచుండిరి. 1936 మొదలు 1941 వఱకు ఇటలీ సేనలు ఆ దేశమును ఆక్రమించియుండిన కాలమున, పోరాటములో భాగముగ, వంతెన నడిమిభాగము కూల్చివేయబడెను. నాటినుండి దానికి ‘సెబారా దిల్దీయ్’ అను పేరు నిలిచిపోయెను. ఆ దేశభాషయగు అమ్హారిక్‌లో ఆ మాటలకు ‘విరిగిన వంతెన’ అని అర్థము.

విరిగినను జనులు దానిని విడువలేదు. విడిచినచో అవతలి యొడ్డునకు పోవుటెట్లు? తెగిన కమాను కీవల కొందఱు, ఆవల కొందఱు నిలిచి ఒక మోకును పట్టుకొనెడివారు. దాటవలసినవాడు ఆ మోకును ఒంటికి చుట్టుకొని, నడిమి ఖాళీలోనికి జాఱి, గాలిలో వ్రేలాడుచుండగా అవతలివారు వానిని లాగికొనెడివారు. క్రింద నది ఘోషించుచుండును. ఈ దృశ్యమును చూపు ఛాయాచిత్రము ‘నేషనల్ జియోగ్రాఫిక్’ అను అమెరికా పత్రికలో అచ్చయ్యెను. 2001లో ఆ చిత్రము కెన్ ఫ్రాంజ్ అను అమెరికను కంటబడెను. అతడు కట్టడముల వ్యాపారము చేయువాడు. వంతెనలో తెగిన భాగము కొంచెమే యనియు, దానిని పూడ్చుట తన వృత్తివారికి అసాధ్యము కాదనియు అతనికి తోచెను. సోదరుని, మిత్రులను కూడగట్టుకొని అతడు ఇథియోపియాకు పోయెను. ఇనుపదూలముల భాగములను మోటారుబండి పోజాలని ఆ లోయలోనికి గాడిదలపై దింపి, స్థానికుల సాయముతో 2002లో వంతెనను అతికిరి. ఆ ప్రయత్నమునుండియే ‘బ్రిడ్జెస్ టు ప్రాస్పరిటీ’, అనగా సౌభాగ్యమునకు సేతువులు, అను సంస్థ పుట్టెను.

కథ ఇచటనే ముగిసినచో అది సుఖాంతమై యుండును. కాని 2005లో నదికి పెద్ద వఱద వచ్చి, అతికిన భాగమును ఊడ్చుకొనిపోయెను. మూడేండ్ల క్రిందట చప్పట్లు చఱచిన జనులు మరల మోకును వెదకికొనవలసి వచ్చెను. 2009లో గాని అచట ఇనుపత్రాళ్ళపై వ్రేలాడు క్రొత్త వంతెన నిలువలేదు. దాని నిడివి ఇంచుమించు నూఱు మీటర్లు. మంచి మనసుతో దూరదేశమునుండి వచ్చిన వారి కట్టడమునైనను నది విడిచిపెట్టదు. ఈ విషయమును గుర్తుంచుకొని తక్కిన పాఠమును చదువుడు.

బాలబాలికలారా! వంతెన లేని ఏఱు గోడవంటిది. ఆ గోడ సంవత్సరము పొడుగునను ఉండదు. ఒక రాత్రి లేచి, ఒక వారము నిలిచి, మరల దిగిపోవును. అందుచేతనే అది మఱింత అపాయకరము. ఎల్లప్పుడు ఉండు గోడను చుట్టి పోవుట నేర్చుకొనవచ్చును. ఎప్పుడు లేచునో తెలియని గోడను నమ్మి ఏ పనియు తలపెట్టుట సాధ్యము కాదు. నేను ప్రధానోపాధ్యాయుడనుగ పనిచేసిన పాఠశాలలలో ఒకటి వాగు ఒడ్డున నుండెను. ఆ పాఠశాల హాజరుపట్టీని చూచినవాడు వానకాలము ఎప్పుడు వచ్చెనో పంచాంగము తెఱవకయే చెప్పగలడు. శ్రావణ భాద్రపదములలో అవతలి యొడ్డు పిల్లల పేర్ల కెదురుగ సున్నలు బారులు తీరియుండెడివి. ఆ పిల్లలు సోమరులు కారు. వారి తల్లిదండ్రులు చదువునకు విముఖులును కారు. నడుమ వాగు కలదు, అంతే.

ఆఫ్రికాయందలి రువాండా, మధ్య అమెరికాయందలి నికరాగువా, దక్షిణ అమెరికాయందలి బొలీవియా మున్నగు దేశములలో ఇట్టి పల్లెలు లెక్కకు మిక్కిలి. పట్టణమునకు, ఆసుపత్రికి, సంతకు పోవు త్రోవకు అడ్డముగ కొండవాగు ఉండును. ప్రభుత్వములు పెద్ద నదులకు లారీలు పోవు వంతెనలు కట్టును. కాలినడకవారి వాగు ఎవరి లెక్కలోనికి రాదు. సెబారా దిల్దీయ్ వద్ద పుట్టిన సంస్థ ఈ కాలినడకవారి వంతెనలనే తన పనిగ పెట్టుకొనెను.

ఇందుకు తగిన విద్య నేపాళమున ఉండెను. హిమాలయ సానువులలో వేలకొలది నడకవంతెనలు కలవు. 1964లోనే ఆ దేశప్రభుత్వము వ్రేలాడు వంతెనల కొఱకు ప్రత్యేకముగ ఒక శాఖను ఏర్పఱచెను. స్విట్జర్లాండు దేశపు సాయమును, పర్వతవాసుల అనుభవమును కలిసి అచట ఒక సులువైన పద్ధతి స్థిరపడినది. పెద్ద యంత్రములు అక్కఱలేదు. రాయి, ఇసుక, సిమెంటు, ఇనుపత్రాడు, పలకలు, మనుష్యుల చేతులు — ఇవి యున్న చాలును. ఈ పద్ధతియే ఇతర ఖండములకును ప్రాకినది.

పని ఎట్లు సాగునో కొంచెము వివరముగ చెప్పెదను. ఏలయనగా కథలోని న్యాయాన్యాయములు ఈ వివరములలోనే యున్నవి.

మొదటి పని కొలత. వాగు ఎంత వెడల్పో చూచినంత చాలదు. ఎంత ఎత్తు పొంగునో తెలియవలెను. ఆ లెక్క ఏ గ్రంథమునందును వ్రాయబడి యుండదు. ఊరి పెద్దలనే అడుగవలెను. ‘మీ యెఱుకలో నీరు ఎంతవఱకు వచ్చినది?’ అని అడిగినచో ఒక ముసలివాడు ఒక చెట్టు మొదటిని చూపును, మఱొక ముసలమ్మ ఇంకను పైనున్న బండను చూపును. వారు చూపిన గుఱుతులలో మిక్కిలి ఎత్తైన దానికన్నను రెండు మూడు మీటర్లు పైగా వంతెన అడుగుభాగము ఉండునట్లు గీత గీయుదురు. చదువుకొన్న ఇంజనీరు తన లెక్కలకు తొలి అంకెను అక్షరము రాని వృద్ధునియొద్ద పుచ్చుకొనును. నాకు ఈ పద్ధతిలో మిక్కిలి నచ్చిన భాగమిది.

రెండవది పునాది. రెండు ఒడ్డులయందును గోతులు త్రవ్వవలెను. రాళ్ళు ఏఱి మోసి తేవలెను. ఇసుక జల్లెడ పట్టవలెను. ఇది నెలలకొలది సాగు చాకిరి. దీనిని చేయువారు ఊరివారు, చుట్టుప్రక్కల తాపీమేస్త్రీలు. రువాండాలో దీనికి పూర్వమునుండియే ఒక అలవాటు కలదు. ప్రతినెల చివరి శనివారమున ఊరివారందఱు గుమిగూడి బాటలు బాగుచేయుట, కాలువలు పూడిక తీయుట మున్నగు పనులు కూలి లేకుండ చేయుదురు. దానిని వారు ‘ఉముగాండా’ అందురు. మన దేశమున 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకములు ప్రారంభమైన కాలమునందు ఊరూర వినబడిన ‘శ్రమదానము’ అను మాట ఇచట మీకు గుర్తు రావలెను. మీ తాతలలో ఎవరైన ఆ రోజులలో రోడ్డుపై మట్టి పోసియుందురు, అడిగి తెలిసికొనుడు.

ఇనుపత్రాళ్ళ మాట విచిత్రముగ నుండును. పెద్ద ఓడరేవులలో ఓడలపైకి సరకుల పెట్టెలను ఎత్తి దించు క్రేనులుండును. వాటి త్రాళ్ళను కొంతకాలము వాడిన పిమ్మట, తెగుటకు చాల ముందుగనే, మార్చివేయుదురు. ఆ పాతత్రాడు క్రేనునకు పనికిరాదు గాని, మనుష్యులును మేకలును నడచు వంతెనను మోయుటకు దానియందు కావలసినంత సత్తువ మిగిలియుండును. రేవులు వాటిని దానముగ ఇచ్చిన సందర్భములు పెక్కు కలవు. అట్లు సముద్రపుటొడ్డున బరువు లెత్తిన త్రాడు కొండపల్లెలో బడిపిల్లలను మోయుచున్నది.

త్రాటిని ఎంత బిగువుగ లాగవలెను? అనుభవము లేనివాడు ‘ఎంత బిగువైన అంత మంచిది’ అనును. అది తప్పు. మీ యింట బట్టలారవేయు దండెమును చూడుడు. దానిని వీణతీగవలె బిగించి కట్టి, నడుమ తడిసిన దుప్పటి వేసినచో ముడి యూడుటయో, మేకు పెఱుగుటయో జరుగును. కొంచెము సడలించి కట్టినచో అదే దండెము అదే దుప్పటిని సులువుగ మోయును. త్రాడు ఎంత సమముగ నుండునో, నడుమ వేసిన బరువు దానిని అంత బలముగ రెండు ప్రక్కలకు లాగును. అందుచేత వంతెన నడిమిభాగము నిడివిలో ఇంచుమించు ఇరువదింట ఒక వంతు క్రిందికి వంగునట్లు త్రాళ్ళను అమర్చుదురు. అఱువది మీటర్ల వంతెనకు మూడు మీటర్ల వంపు. అన్ని త్రాళ్ళకును ఆ వంపు సమముగ నుండవలెను. ఒకటి బెత్తెడు ఎక్కువైనను బరువంతయు ప్రక్కదానిపై పడును.

ఇక త్రాటికొనను బిగించుట. త్రాటిని రాతికట్టడము వెనుక పాతిన ఇనుపదండమునకు చుట్టి, మరల తనమీదికే మడచి, గుఱ్ఱపునాడా వంటి ఇనుపబిగింపులతో నొక్కి బోల్టులు త్రిప్పుదురు. ఆ బిగింపునకు ఒకవైపు వంపుకమ్మియు, మఱొకవైపు గాడులు గల పీఠమును ఉండును. పీఠము బరువు మోయు త్రాటిపై కూర్చుండవలెను. వంపుకమ్మి బరువు లేని తెగినకొనవైపు ఉండవలెను. తాఱుమాఱైనచో కమ్మి త్రాటిని కొఱికినట్లు నొక్కి దాని బలమును తగ్గించును. చూచుటకు రెండును ఒకేరీతిగ నుండును. తప్పు చేసినచో ఆనాడు ఏమియు జరుగదు. అట్టి తప్పులే కట్టడములలో మిక్కిలి భయంకరమైనవి.

ఇదిగో, ఇచటనే మన కథలోనికి కంపెనీల ఉద్యోగులు ప్రవేశింతురు. ఇంగ్లండు, అమెరికా, డెన్మార్కు మున్నగు దేశములలో పెద్ద పెద్ద వంతెనలను రూపొందించుటయో, కట్టుటయో వృత్తిగాగల కంపెనీలు కలవు. ఆరప్, ఫ్లాటైరన్, కౌవీ అనునవి అట్టివి. ఈ కంపెనీలు వంతెన ఖర్చునకు కొంత ధనమిచ్చి, తమ ఉద్యోగులలో ఇష్టపడిన ఇంచుమించు పదిమందిని ఒక జట్టుగ రెండు వారములకు ఆ పల్లెకు పంపుచు వచ్చినవి. రాతికట్టడము ముగిసి, సిమెంటు గట్టిపడి, త్రాళ్ళు కట్టుటకు వేళయైనప్పుడు ఆ జట్టు దిగును. ఎత్తున పనిచేయుట, త్రాళ్ళకు వంపు అమర్చుట, బిగింపులను సరిచూచుట — ఇవి వారు దినదినము చేయు పనులు, లేక దినదినము కాగితముపై గీయు పనులు.

గీయుటకును చేయుటకును గల తేడా ఆ రెండు వారములలో బయటపడును. నగరమున మేడ మీద గదిలో కూర్చుండి కంప్యూటరుపై నూఱు వంతెనల గీతలు గీసిన ఇంజనీరు, ఇచట అడ్డదూలమును భుజముపై పెట్టుకొని గట్టు దిగవలెను. రసమట్టములోని బుడగ నడుమకు వచ్చువఱకు రాయిని జరుపు స్థానిక మేస్త్రీ అతనికి గురువగును. మేస్త్రీకి ఇంగ్లీషు రాదు. ఇంజనీరుకు ఆ దేశభాష రాదు. ‘ఇటు’, ‘అటు’, ‘చాలు’, ‘ఇంకొంచెము’ అను నాలుగు మాటలు మొదటి రోజున నేర్చుకొందురు. పనివేళకు ముందు అందఱు గుండ్రముగ నిలిచి ఆనాటి అపాయములను చెప్పుకొందురు. తలకు టోపి, నడుమునకు రక్షణత్రాడు లేనిదే ఎవరును ఏటిపై కాలు పెట్టరాదు. ఈ కట్టుబాటు విదేశీయులకును ఊరివారికిని ఒకటే. ప్రాణము విలువ దేశమును బట్టి మాఱదను సంగతిని ఉపన్యాసములకంటె ఈ నడుముత్రాడు బాగుగ బోధించునని నా అభిప్రాయము.

వంతెన వచ్చిన పిదప పల్లెకు కలుగు మేలెంత? దీనిని ఊహకు విడువక కొలిచినవారును కలరు. వాయట్ బ్రుక్స్, కెవిన్ డానవన్ అను ఇద్దఱు అర్థశాస్త్రవేత్తలు నికరాగువా పల్లెలలో మూడేండ్లు ఇల్లిల్లు విచారించి, వారమువారము టెలిఫోనులో సమాచారము సేకరించి, 2020లో తమ ఫలితములను ప్రకటించిరి. కొన్ని పల్లెలకు వంతెనలు కట్టబడినవి. ఒడ్డుల తీరు అనుకూలింపనందున కొన్నింటికి కట్టబడలేదు. ఈ రెండు తెగలను పోల్చి చూచిరి. వంతెన లేని పల్లెలలో వఱద వచ్చినప్పుడు కూలి రాబడి నూటికి 18 వంతులు పడిపోయెను. వంతెన యున్న పల్లెలలో ఆ నష్టము లేకపోయెను.

ఇంతకంటె ఆలోచింపదగిన సంగతి మఱొకటి వారికి కనబడెను. వంతెన వచ్చిన తరువాత రైతులు ఎరువులపై ఎక్కువ ఖర్చు పెట్టసాగిరి. గింజలను దాచియుంచుట తగ్గించిరి. దీనికి కారణమేమి? ఏఱు ఎప్పుడు పొంగునో తెలియనంతకాలము రైతు చేతిలోని రొక్కమును, గాదెలోని ధాన్యమును ఆపదకై అట్టిపెట్టుకొనును. కూలికి పోవు దారి మూసికొనినను ఇంట తిండి ఉండవలెను గదా! ఆ భయము తీఱినప్పుడు దాచిన సొమ్ము పొలములోనికి పోవును. వఱద రాని రోజున కూడ వంతెన పనిచేయుచునే యుండునని దీని తాత్పర్యము.

ఇప్పుడు మీలో తెలివిగల విద్యార్థి యొకడు లేచి నన్ను ప్రశ్నింపవచ్చును. ‘అయ్యా! పదిమంది విమానములలో సముద్రములు దాటి పోవుటకు ఎంత ఖర్చగును? ఆ సొమ్మును ఆ ఊరికే పంపినచో ఎందఱు మేస్త్రీలకు ఎన్ని నెలల కూలి యగును? రాళ్ళు మోయుటకు దొరలేల?’

ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. సేవ పేరిట విహారయాత్ర చేసివచ్చు వారు లోకమున లేకపోలేదు. పనిరాని కుఱ్ఱవారు వచ్చి వంకరగ పేర్చిన గోడను, వారు నిద్రించిన పిమ్మట ఊరి మేస్త్రీ విప్పి మరల కట్టవలసిన సందర్భములు ఊహకందనివి కావు. కంపెనీకి కీర్తి, ఉద్యోగికి ఛాయాచిత్రము, పల్లెకు పగుళ్ళు — ఇట్టి పంపకము న్యాయము కాదు. మఱియు, కొన్ని కంపెనీలు ఆ రోజులకు జీతమిచ్చి పంపును. కొన్నిచోట్ల ఉద్యోగులు తమ సెలవులను వెచ్చించి పోవుదురు. రెండింటిని ‘స్వచ్ఛందసేవ’ అను ఒకే మాటతో పిలుచుట భాషాపండితునిగ నాకు కొంచెము ఇబ్బందిగనే యున్నది.

అయినను రాళ్ళు మోయుటకు వారు పోనక్కఱలేదని చెప్పుట వేఱు, వారు పోనేకూడదని చెప్పుట వేఱు. బిగింపు ఏవైపు ఉండవలెనో తెలిసినవాడు రెండు వారములు ఒక ఊర నిలిచి పదిమందికి ఆ కిటుకు నేర్పినచో, ఆ పదిమంది తరువాతి వంతెనకు ఎవరికొఱకును ఎదురుచూడరు. ధనము సంగతియు అంతే. తన ఉద్యోగి కన్నులార చూచి వచ్చిన ఏటికి కంపెనీ మఱుసటి యేడు కూడ ధనమిచ్చును. పటమునందు మాత్రమే చూచిన ఏటిని మఱచును. మనుష్యస్వభావము అట్టిది. కావున ఎవడు పోయెను అనుదానికంటె, పోయినవాడు ఏ పని చేతబట్టెను, ఎవరిమాట విని చేసెను, ఏమి నేర్పి వచ్చెను అనునవి అడుగదగిన ప్రశ్నలు.

ఇండ్లు కట్టు సంస్థలలోను ఈ వివేకము కనబడును. ‘హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ అను సంస్థ కట్టు ఇండ్లకు కూడ దేశదేశముల కంపెనీ ఉద్యోగులు వచ్చి పనిచేయుదురు. కాని ఆ యింట కాపురముండబోవు కుటుంబము వారితోపాటు చెమటోడ్చవలెనను నియమము ఆ సంస్థకు మొదటినుండియు కలదు. ఆ సంస్థ మన దేశమున తన పనిని తొలుత ప్రారంభించినది 1983లో, మన ఖమ్మములో.

కంపెనీలతో నిమిత్తము లేకయే ఈ దారి నడచినవారును ఉన్నారు. టోనీ రుట్టిమాన్ అను స్విట్జర్లాండు యువకుడు 1987లో ఈక్వడారు దేశమున భూకంపము వచ్చినదని విని, చేతనైన సాయము చేయుటకు పోయి, వంతెన కట్టుట నేర్చుకొనెను. నాటినుండి లాటిన్ అమెరికాలోను, కాంబోడియా, మయన్మారు మున్నగు ఆసియా దేశములలోను ఊరివారితో కలిసి వందలకొలది వంతెనలను నిలిపెను. అతని వంతెనల త్రాళ్ళు స్విట్జర్లాండు పర్వతములపై మనుష్యులను మోయు రజ్జుమార్గములలో వాడివిడిచినవి. మన పొరుగున కర్ణాటకమున సుళ్య నివాసియగు ఇంజనీరు గిరీశ్ భారద్వాజ 1989లో పయస్విని నదిపై తన తొలి నడకవంతెనను కట్టెను. తరువాత కర్ణాటకమున, కేరళమున, తెలంగాణమున, ఒడిశాలో కలిపి నూటికి పైగా వంతెనలు అతని చేతిమీద లేచినవి. 2017లో భారతప్రభుత్వము అతనిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. సాయము ఎల్లప్పుడు సముద్రము దాటియే రానక్కఱలేదని చూపుటకు ఈ పేరు చాలును.

2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు దేశముల నడుమ విమానములు ఆగెను. కంపెనీల జట్ల రాకయు ఆగెను. అప్పుడు ఈ పద్ధతికి నిజమైన పరీక్ష వచ్చినదని చెప్పవచ్చును. అతిథులు రానిచో పని నిలిచిపోవునట్లయిన, అంతకుముందు జరిగినదంతయు అతిథుల వేడుకయే యగును. రువాండాలో పని నిలువలేదు. ఆ సంస్థ 2012 నుండి ఆ దేశమున వంతెనలు కట్టుచుండెను. ఆ యేండ్లలో చేయి తిరిగిన రువాండా ఇంజనీర్లు, మేస్త్రీలు త్రాళ్ళను తామే లాగి, వంపును తామే కొలిచి, పలకలను తామే పఱచిరి.

త్రాళ్ళు కట్టి, పలకలు పఱచి, ప్రక్కల వల బిగించిన పిమ్మట జట్టు తిరిగిపోవును. ‘ఏఱు దాటి తెప్ప తగులబెట్టినట్లు’ అను మన సామెతను మీరెఱుగుదురు. ఇచట సంగతి తలక్రిందులు: తెప్ప నిచ్చినవారు పోవుదురు, ఏఱు దాటవలసినవారు మిగులుదురు. ఆ తెప్పను ఎవరు చూచుకొందురు? ఇందుకై పని మొదలుకాకముందే ఊర ఒక వంతెన సంఘమును ఏర్పఱచుకొందురు. పలకలు చివికినచో మార్చుట, వలలో చిక్కిన చెత్తను తీయుట, పునాది ప్రక్క మట్టి కొట్టుకొనిపోయినచో రాళ్ళు పేర్చుట, ఏటేట వానలు వెలిసినపిదప బిగింపుల బోల్టులను ఒక్కొక్కటిగ పరీక్షించి సడలినవానిని మరల బిగించుట వారి బాధ్యత. క్రొత్తత్రాడు బరువునకు కొంచెము సాగి సన్నబడును గనుక తొలియేట ఈ పని తప్పనిసరి. అందుకు కావలసినది పెద్ద యంత్రము కాదు, ఒక పానా. ఆ పానా ఎవరి యింట ఉండవలెను, వారు ఊరు విడిచినప్పుడు ఎవరికి అప్పగింపవలెను అను విషయమును సంఘమువారు ముందుగనే తీర్మానించుకొనవలెను.